గల్లీ కేబుల్‌కు నా ఫైర్‌వాల్

మా ముత్తాత ఒక జాగీరుకు లెక్కలు, కాగితాలు చూసే దఫ్తర్‌దారు. చార్మినార్ వెనక మా దేవిడీ, అంటే మా పెద్ద బంగళా, దర్వాజా దాటాలంటే ఎంతటివాడైనా మా ముత్తాత అనుమతి కోసం నిలబడేవాడు. నా వంతుకు ఆ టేకు దర్వాజా, రెండు గదులు మిగిలాయి. రెండు కంప్యూటర్లు పెట్టుకొని తెలుగులో, ఉర్దూలో పెళ్లికార్డులు కంపోజ్ చేసి బతికేవాణ్ని.

గల్లీకంతా ఒకడే కేబుల్ మీద నెట్ ఇచ్చేవాడు. ఒక ఇంటి కంప్యూటర్లోంచి ఇంకో ఇంటి ఫోల్డర్లు కనబడేవి. ఒక రోజు ఒక పెద్దమనిషి వచ్చి అరిచాడు. అతని కూతురి కార్డు అచ్చు కాకముందే గల్లీలో ఎవరో చదివి నవ్వారట.

"మీ ఖాందాన్ మీద భరోసతోని ఇచ్చిన. గిదేనా?"



ఆ వారమే, బయటి కంప్యూటర్లు నా దాంట్లోకి రాకుండా ఆపే ఫైర్‌వాల్ సీడీ కొన్నాను. ఆదేశాలేవీ టైపు చేయనక్కర్లేదు. తెర మీద కంప్యూటర్ల జాబితా, పచ్చ గుర్తు పెడితే రానిస్తుంది, ఎర్ర గుర్తు పెడితే ఆపుతుంది. కోపం మీద అన్నిటికీ ఎర్ర గుర్తే కొట్టాను. ప్రింటర్ తగిలించిన నా రెండో కంప్యూటర్ కూడా పరాయిదైపోయింది. రెండు రోజులు ఒక్క కాగితం రాలేదు. తర్వాత దానికి పచ్చ గుర్తు పెట్టుకున్నాను.

మూడో రోజు కేబుల్ అతను వచ్చాడు.

"అన్నా, లైన్ నడుస్తుందో లేదో చూసే నా చెకింగ్‌కు నీ కంప్యూటర్ జవాబిస్తలేదు. గా ఫైర్‌వాల్ తీసెయ్. గల్లీల ఎవ్వరికి లేదు, నీకొక్కనికే ఏంది లొల్లి?"

అతని ఎదుటే తెర తెరిచి, అతని కంప్యూటర్ నంబర్‌కు, ఆ చెకింగ్ ఒక్కదానికే పచ్చ గుర్తు పెట్టాను.

"ఇగ జవాబొస్తది. ఫోల్డర్లు మాత్రం కనబడవు."

"గట్ల నడ్వదు. మొత్తం తీస్తవా, లైన్ కట్ చెయ్యాల్నా?"

"మా ఇంట్లకు ఎవరు రావాల్నో నేను చెప్త భాయ్."

గొళ్లెం విరిగిన దర్వాజా వైపు చూసి నవ్వాడు. "ముందుగాల గది మూస్కో అన్నా. కుక్కలు గిట్ట వస్తున్నయ్."

"కట్ చెయ్" అన్నాను. చేశాడు.

తగ్గితే ఏం పోయేదని గల్లీలో అందరూ అడిగారు. తగ్గలేదు. ఈ రోజు అడిగినా తగ్గను. నెట్ కోసం సొంతంగా ఫోన్ లైన్ పెట్టించుకున్నాను. ఏడాది తిరక్కుండా ఆ పెద్దమనిషే రెండో కూతురి కార్డు పట్టుకొని వచ్చాడు. కూర్చొని, ముందు ఆ ఎర్ర గుర్తులు చూపించమన్నాడు. చూపించాను.

ఆ ఫోన్ లైన్‌కూ మోడెమ్‌కూ డబ్బు దర్వాజా అమ్మి తెచ్చాను. మలక్‌పేట నుంచి పాత కలప కొనేవాళ్లు వచ్చి, ఇత్తడి బుడిపెలతో సహా బండికెత్తుకుపోయారు.