మబ్బు కోసం

మా బావ ఎక్కడ నిలబడ్డా ముందు అరచెయ్యి చాపి, దానిమీద వెలుగు ఎలా పడుతోందో చూసుకుంటాడు. నల్లపాడులో పెళ్లి వీడియోలు తీసినప్పుడూ అంతే, సీరియళ్లు దాటి సినిమా కెమెరామన్ అయ్యాకా అంతే.

పోయిన వేసవిలో మా మిరప కల్లంలో, ఎండుతున్న కాయల మధ్య షూటింగ్ పెట్టించాడు. ఎండ మరీ తెల్లగా ఉందని, మబ్బు పడితేనే షాట్ అని పొద్దుటి నుంచి యూనిట్ మొత్తాన్నీ కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. డైరెక్టర్ లేచాడు. బావ అరచెయ్యి చూసుకుని, కెమెరా వదిలేసి పరుగెత్తాడు.

"అత్తా, కాయలు తడుస్తాయి, పట్టాలు కప్పండి."

హీరోతో సహా అందరం కప్పాం. చినుకు పడలేదు, ఎండ మళ్లీ వచ్చేసింది. బావ చెయ్యి చాపి, "ఇంకో మబ్బు రావాలండి," అన్నాడు డైరెక్టర్‌తో.

మా అమ్మ పట్టా మడుస్తూ అంది: "మబ్బు గిబ్బు అన్నావంటే ఈసారి ఇది నీ కెమెరా మీద కప్పుతా అబ్బాయ్."