నాలుగో రోజు దాకా ఉంచిన ప్లేటు

ఆగస్టు 11, సోమవారం, ఉదయం పదిన్నర. ఎల్లారెడ్డి దగ్గర మా తమ్ముడి అల్లుడి పొలం. ఉన్నవారు: నగరం నుంచి వచ్చిన పరిశోధకుడు, ఆయన సహాయకురాలు, ఫొటోలు తీసే మనిషి, మా తమ్ముడి కూతురు, నేను. పొలం గలవాడు లేడు. కామారెడ్డిలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

ఆ పరిశోధకుడిని పిలిచింది నేనే. మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా వరి పొలాల తడి మట్టిలో ఉంటుంది. కాలి పగుళ్ల గుండా ఒంట్లోకి దిగుతుంది, షుగరు ఉన్నవాళ్లను తొందరగా పట్టుకుంటుంది. మా అల్లుడికి షుగరుంది. జూన్‌లో నారుమడి దున్నిన తర్వాత జ్వరం మొదలైంది. టీబీ అని మందులు మొదలుపెట్టారు, తగ్గలేదు. ఇప్పుడు తొడలో చీముగడ్డ లేచింది. నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ని. ఈ బ్యాక్టీరియా మన మట్టిలో ఉందేమోనని వీళ్లు వెతుకుతున్నారని తెలిసి రెండు పేజీల ఉత్తరం రాశాను. అందులో రోగి గురించి పేజీన్నర, పొలం గురించి ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం కోసం వచ్చారు.

ఆయన తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. కారు దిగి రోడ్డు పక్క గట్టు మీద నిలబడ్డాడు, వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు. సహాయకురాలు గట్టు మీది పొడి మట్టిని చెంచాతో గీకి పొట్లాలు కట్టింది. ప్రతి పొట్లానికీ ఆయన వంగాడు, ఫొటో అయ్యాక లేచాడు.

“పొడి మట్టిలో అది దొరకడం కష్టం. మడిలో దిగి మోచేయి లోతున తడి మట్టి తీయాలి. మీబోటివాళ్లు రాసిన వ్యాసాల్లోనే చదివాను” అన్నాను.

“మీరు చదువుతారా? సంతోషం” అన్నాడు. “మట్టి ఎక్కడిదైనా మట్టే కదండీ.”

మా తమ్ముడి కూతురు కొంగు నడుముకు దోపింది. “గట్టు మీద ఎవలన్న నాటేస్తరా సార్?” అని మడిలోకి కాలు పెట్టబోయింది. ఆమె మడమల పగుళ్లు చూసి చెయ్యి పట్టి ఆపాను.

“నువ్వు దిగకు బిడ్డా. ఒకడు మంచంల పడ్డది సాలదా?”

ఆమె అక్కడి నుంచే ఆయనను అడిగింది. “మట్టి సంగతి తర్వాత సార్. మా ఆయన చీము శుక్రవారం ల్యాబుకిచ్చినం. జర ఫోన్ జేసి మంచిగ సూడుమని చెప్పుండ్రి. మీరు జెప్తే ఇంటరు.”

“మనుషుల శాంపిళ్లు మా ప్రాజెక్టులో లేవమ్మా.”

పన్నెండుంబావుకు కారెక్కారు. బూట్లకు మరక లేదు.

నేను బస్సెక్కి కామారెడ్డి వచ్చాను. చీము ఇచ్చిన ల్యాబులో టెక్నీషియన్ ఒకప్పుడు నా చేతి కింద పని నేర్చుకున్నవాడే. ఆదివారం ల్యాబు మూసి ఉండబట్టి, మా అల్లుడి చీము రుద్ది క్రిమిని పెంచుతున్న ప్లేటు ఇంకా బతికి ఉంది.

“అది కంటామినేషన్ సార్, బయటి క్రిమి పడి ఖరాబైంది. ఇప్పుడే పారేద్దామనుకున్న. మల్ల చీము తెమ్మనుండ్రి” అంటూ అతను మూత తీసి ప్లేటును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చేతికర్రతో అతని మోచేయి కిందికి నొక్కాను.

“ఏంది సార్ గిది? వాసన సూసుడు నేర్పింది మీరే గదా.”

నిజమే. ప్లేటు వాసన చూసి క్రిమిని గుర్తుపట్టడం మా కాలంలో గొప్ప పనితనం. ఈ క్రిమి ఊపిరి వెంట కూడా ఒంట్లోకి పోతుందని అప్పుడు నాకు తెలియదు.

“నేర్పింది తప్పు. మూత పెట్టు.”

“ఇన్నేండ్లకు జెప్తున్నరా? నా ముక్కు అదృష్టం మంచిగుంది.”

చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు వేయించాను. అద్దాల పెట్టె లోపల ఆ క్రిమిని కొత్త ప్లేటు మీద రుద్ది, ఏ మందుకు చస్తుందో తెలిసేలా మందు బిళ్లలు పెట్టమన్నాను. పాతది రేపటి దాకా ఉంచమన్నాను.

“రెండ్రోజులు దాటి ప్లేటు ఉంచితే ఓనరు తిడ్తడు సార్.”

“నన్ను తిట్టుమను.”

సాయంత్రం ఇంట్లో పాత డైరీలు దించాను. “చెడిపోయిన ప్లేటు, పారేశాను” అన్న మాట వానాకాలం పేజీల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. ఒకచోట దాని పక్కన నా చేతిరాతే ఉంది: “రైతు. షుగరు. టీబీ మందులు పని చేయలేదు.” ఆ రైతు ఏమయ్యాడో తర్వాతి పేజీలో లేదు. నేను అడిగి ఉండను. పొద్దుటి నుంచి తెల్ల బూట్లను చూసి నవ్వుకున్నవాణ్ని. నేనూ మనిషిని వదిలేశాను; ఆయన కంటే శుభ్రంగా రాశాను, అంతే.

మర్నాడు ఏడింటికి ల్యాబుకు వెళ్లాను. అతను మాస్కుతోనే ఎదురొచ్చాడు. నాలుగో రోజు ప్లేటు మీద తెల్లటి చుక్కలు ఎండి, నీళ్లలో నానిన వేలి కొసల్లా ముడతలు పడ్డాయి. కొత్త ప్లేటులో జెంటామైసిన్ బిళ్లను ఆనుకుని క్రిమి పెరిగింది, ఇంకో మందు బిళ్ల చుట్టూ క్రిమి లేక ఖాళీ ఉంది. పుస్తకాల్లో మెలియాయిడోసిస్‌కు చెప్పిన గుర్తులే.

“కంటామినేషన్ గాదు సార్ ఇది” అన్నాడు. ప్లేటును ముఖానికి దూరంగా పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు మేమిచ్చిన రిపోర్టు చదివి, నిర్ధారణకు పెద్ద ల్యాబుకు పంపమన్నాడు. అంతవరకు ఆగకుండా టీబీ బిళ్లలు ఆపి, తొమ్మిది నలభైకి కొత్త మందు నరానికి ఎక్కించాడు.

“నయమైతదా పెద్దబాపు?” అని మా తమ్ముడి కూతురు అడిగింది.

“నెలలు పడ్తది. అయితదనే డాక్టరంటుండు.”

నిన్నటి సహాయకురాలు ఫోన్ చేసి ఆ చీము ఏమైందని అడిగింది. ఆమె ఒక్కతే అడిగింది కాబట్టి చెప్పాను. పది నిమిషాల్లో పరిశోధకుడే చేశాడు.

“పెద్దవారు, ఆ ప్లేటు మాకు ఇప్పించాలి. మనిషిని వెంటనే పంపుతాను.”

మా తమ్ముడి కూతురు చెయ్యి చాచింది. ఫోన్ ఇచ్చాను.

“మనుషుల శాంపిళ్లు మీ ప్రాజెక్టుల లేవంటిరి గద సార్” అని కట్ చేసి, ఫోన్ నా చేతిలో పెట్టి, సెలైన్ సీసాలో చుక్కలు పడుతున్నాయో లేదో చూడటానికి మంచం దగ్గరికి పోయింది.