తొట్టెల మీద చెయ్యి

2003 చలికాలం. గోదావరిఖని చౌరస్తాకు రెండు సందుల అవతల నా ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో నీలిరంగు తెర, ఒక స్టూలు, రెండు లైట్లు. వెనక గది డార్క్‌రూమ్, అంటే వెలుతురు చొరకుండా మూసి ఫిల్ము కడిగే గది. నలుపు తెలుపు పాస్‌పోర్టు ఫొటోలు అక్కడే తయారయ్యేవి. రంగుల రీళ్లు మాత్రం బస్సులో కరీంనగర్ ల్యాబుకు పోయి, వారం తర్వాత ప్రింట్లుగా కవర్లో తిరిగి వచ్చేవి.

పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, గుర్తింపు కార్డులు, ఇదీ నా జీవనోపాధి. ఇది కాక రోజుకొక్క బొమ్మ నా కోసం తీసుకునేవాడిని. ఒక్కటే. రెండోసారి మీట నొక్కకూడదని నియమం. దండెం మీద ఆరేసిన తెల్ల బనీను సాయంత్రానికి బూడిద రంగుకు తిరగడం, గని గేటు దగ్గర ఒకదాని మీద ఒకటి వాలిన సైకిళ్లు, షిఫ్టు దిగినవాడి నుదుటి మీద టోపీ అంచు కింద మిగిలిన శుభ్రమైన గీత. ఎవరూ అడగని, ఎవరూ కొనని బొమ్మలు. కళ్లుంటే చాలదు, చూడటం సాధన చెయ్యాలని నలుగురికీ చెప్పేవాడిని. చెప్పడం నాకు అలవాటే. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభలు పెట్టే చిన్న బృందంలో నేనొకణ్ణి. గొంతు పెద్దది. వాదనలో ఓడిన గుర్తు లేదు. ఆ గొంతు ఒక మధ్యాహ్నం ఎలా ఎండిపోయిందో చెప్పాలి.

నాకున్నది ఒకటే కెమెరా. నా రీలు సగంలో ఉండగా గిరాకీ వస్తే, ఆ రీలును వెనక్కి చుట్టి తీసేసేవాడిని. పూర్తిగా చుట్టకుండా చివర వేలెడంత ఫిల్ము బయట వదలాలి. దాన్ని లీడర్ అంటారు. అది బయట ఉంటేనే రీలును మళ్లీ కెమెరాలో ఎక్కించగలం. డబ్బా మీద కాగితం అంటించి, ఎన్ని బొమ్మలు అయ్యాయో రాసి పెట్టుకుంటే, తర్వాత ఎక్కించినప్పుడు అన్ని గడులు దాటించి అక్కడి నుంచి మొదలు పెట్టొచ్చు. పేద ఫొటోగ్రాఫరు పొదుపు అది. చిక్కేమిటంటే, కొత్త రీలుకు కూడా అలాగే లీడరు బయట ఉంటుంది. కాగితం అంటించకపోతే రెండింటికీ తేడా తెలియదు.

ఒక ఉదయం కంపెనీ క్వార్టర్ల చివర లచ్చవ్వ బొమ్మ తీశాను. లచ్చవ్వ ఒంటరి ముసలమ్మ. బాలింతల ఇళ్లకు వెళ్లి పసిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోసేది. ఆ చేతుల మీదుగా పోయిన పిల్లలు ఇప్పుడు గనుల్లో డ్యూటీలు చేస్తున్నారు. ఒక కంటికి పొర కమ్మి తెల్లబడింది. చీకటి గది గుమ్మంలో నిలబడి ఉంటే, పొద్దుటి ఎండ ఆమె ముఖం మీద, చేతి మీద మాత్రమే పడింది. కెమెరా ఎత్తగానే ఆమె చెయ్యి ముందుకు చాపింది. "వద్దు కొడుకా, నాదేం బొమ్మ" అంది. నేను అప్పటికే నొక్కాను. మంచి బొమ్మ దొరికిందని సంబరపడ్డాను. అది ఆ రీలులో ఆరోది.

అదే రోజు మల్లేశం బిడ్డకు ఇరవై ఒకటో రోజు. తొట్టెలలో, అంటే ఉయ్యాలలో వేస్తారు, రమ్మన్నాడు. మల్లేశం భూగర్భ గనిలో పనిచేసే కుర్రాడు, లచ్చవ్వ ఇంటికి నాలుగిళ్ల ఇవతల ఉంటాడు. తొందరలో నా రీలు వెనక్కి చుట్టి జేబులో వేశాను. కాగితం తర్వాత అంటిద్దాంలే అనుకున్నాను. అదే జేబులో కొత్త రీలు ఉంది.

వారానికి ప్రింట్లు వచ్చాయి. మల్లేశం వచ్చి కవరు అడిగాడు. నేను బల్ల మీద వంగి, చేతబడి అనేది లేదని సభకు కరపత్రం రాస్తున్నాను. వాక్యం మధ్యలో ఉన్నాను. తల ఎత్తకుండా కవరు అందించాను. అందులో ఏముందో విప్పి చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మల్లేశం మళ్లీ వచ్చాడు. చొక్కా లోపలి నుంచి ఒక ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, గీ ఫొటోల ఎవలున్నరో నువ్వే సూడు."

తొట్టెల, అందులో పసిపిల్ల. పైన చీకటి మూలలో ఒక ముఖం. తెల్ల జుట్టు, పూర్తిగా తెల్లబడిన ఒక కన్ను. ఆ ముఖం కింది నుంచి ఒక చెయ్యి వేళ్లు విప్పుకుని సరిగ్గా పిల్ల తల మీదికి వచ్చింది. ఆ చేతిలోంచి తొట్టెల తాళ్లు కనిపిస్తున్నాయి.

నిజం చెప్పాలి. ఇరవై సభల్లో మాట్లాడిన మనిషిని, నా సొంత బొమ్మను నేను గుర్తుపట్టేలోపు నన్ను కూడా ఆ భయం ఒకసారి ముట్టుకునిపోయింది.

మల్లేశం చెప్పుకుపోతున్నాడు. పిల్లకు మూడు రోజులుగా జ్వరం, పాలు తాగడం లేదు. లచ్చవ్వ వారం రోజులు నీళ్లు పోసింది. తర్వాత ఏదో మాట తేడా వచ్చి వద్దన్నారు. అప్పటి నుంచీ పగబట్టిందని, ఫొటోలో సాక్ష్యం దొరికిందని వాడ అంతా అంటోంది.

"అవ్వను తీస్కచ్చి మా ఇంట్ల కూసోబెట్టిన్రు. పండ్లు వీకితె మంత్రం పారదంట. మా సమ్మన్న కటింగ్ ప్లేరు వట్టుకోని ఉన్నడు. నువ్వొచ్చి ఒక్క ముచ్చట చెప్పాలంటున్నరు అన్నా. గా దినం అవ్వ గదిల ఉన్నదా లేదా అని."

ఆ రోజు ఆమె ఆ గదిలో లేదు. అది నిజం. ఆ నిజమే ఆమె నోట్లోకి పట్టుకారు దూరుస్తుంది.

కెమెరా, ఒక నలుపు తెలుపు రీలు సంచిలో వేసుకుని అతని సైకిలెక్కాను. దారి పొడుగునా ఒకటే భయం, మేం చేరేసరికి ఆలస్యమైపోతుందేమోనని.

ఇంటి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. అరిస్తే బాగుండుననిపించింది. లోపల గోడకు ఆనుకుని లచ్చవ్వ కూర్చుని ఉంది, చేతులు ఒడిలో పెట్టుకుని. ఏడవడం లేదు. మల్లేశం అన్న సమ్మయ్య గనిలో ఫిట్టరు, పెద్ద చేతులు. కటింగ్ ప్లేయరును తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఆ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"చెప్పన్నా. గా దినం ఈమె ఈడ ఉన్నదా?"

"లేదు" అన్నాను.

గుమ్మం దగ్గర జనం ఒక్కసారి ఊపిరి పీల్చారు. సమ్మయ్య లేచాడు.

"ఆగు సమ్మన్నా. ఆమె లేదు గని, ఆమె బొమ్మ ముందుగాల్నే రీలుల ఉన్నది. తప్పు నాది. పల్క తుడువకుండ దాని మీదనే మల్ల రాస్తె ఏమైతది? రెండూ కనవడ్తయి. గదే అయింది. దీన్ని డబుల్ ఎక్స్‌పోజర్ అంటరు."

"అవ్వను బచాయించనీకి అంటున్నవ్."

"మిగిలిన ఫొటోలు తెండ్రి."

పాడైపోయాయని పక్కన పడేసినవి స్వరూప తెచ్చి ఇచ్చింది. స్వరూప మల్లేశం భార్య, పచ్చి బాలింత. ఒకదానిలో గోడ మీద సైకిళ్లు తేలుతున్నాయి. ఇంకోదానిలో మల్లేశం తల మీద బనీను వేలాడుతోంది.

"ఈ సైకిల్ ఎవలిది? ఇది గూడ మంత్రాలు నేర్సుకున్నదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సమ్మయ్య నవ్వలేదు. "ఆమె యాడికి పోతె గా సామాన్లు ఆమెంబడి వస్తయి" అన్నాడు.

ఇదీ నేను సభల్లో నేర్చుకోనిది. వేదిక మీద ఎదుటివాడి దగ్గర వాదన ఉంటుంది, దాన్ని విరగ్గొట్టొచ్చు. ఇక్కడ వాదన లేదు, జ్వరంతో ఉన్న పిల్ల ఉంది, నిద్ర లేని ఇల్లు ఉంది. నేను ఇచ్చిన సాక్ష్యాన్నల్లా ఆ భయం మింగేసి ఇంకాస్త లావెక్కుతోంది. మూఢత్వం అని కరపత్రంలో ఒక్క మాటలో తేల్చేసిన దాని ఎదుట నిలబడితే నాకు గొంతు పెగలలేదు.

ఇక మిగిలింది చేసి చూపడమే. సమ్మయ్యను చీకటి గుమ్మంలో నిలబెట్టాను.

"ప్లేరు వట్టుకునే చెయ్యి ముందుకు చాపు. ఒక్క ఫొటో."

"నాదెందుకు?"

"భయమా?"

ఆ మాట పనిచేసింది. ఫొటో తీశాను. అందరూ చూస్తుండగా రీలు వెనక్కి చుట్టి, బయటికి తీసి, మళ్లీ ఎక్కించి, ఖాళీ తొట్టెలను తీశాను.

"ఇప్పుడు నువ్వు నాతోని స్టూడియోకు రా. నువ్వొచ్చేదాంక అవ్వను ఎవ్వలు ముట్టద్దు. మల్లేశం, నువ్వు పిల్లను దవాఖానకు తీస్కపో."

పెద్దవాళ్లు తాయెత్తు కట్టాం కదా అన్నారు. స్వరూప ఎవరి మాటకూ ఆగలేదు. "ఫొటో సంగతి మీరే తేల్సుకోండ్రి. నా బిడ్డకు ఊపిరి ఆడుతలేదు" అని పిల్లను కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది. ఆ రోజు ఆ ఇంట్లో అందరికంటే సూటిగా చూసింది ఆమె.

డార్క్‌రూమ్ తలుపు వేశాను. ఫిల్మును కడిగే డబ్బాలోకి ఎక్కించాలంటే ఎర్రదీపం కూడా ఉండకూడదు. ఆ కటిక చీకట్లో పక్కన సమ్మయ్య శ్వాస వినిపిస్తోంది, కటింగ్ ప్లేయరు ఇంకా అతని చేతిలోనే ఉంది. నా వేళ్లు రెండుసార్లు తప్పాయి. ఈ ప్రయోగం విఫలమైతే? సమ్మయ్య ముఖం సరిగా పడకపోతే? మబ్బు పట్టిన గీత ఒకటి వస్తే చాలు, ఆ ముసలమ్మ పని అయిపోయినట్టే.

"గనిల గింత భయం కాలేదన్నా" అన్నాడు సమ్మయ్య చీకట్లోంచి. నేను మూడోసారి ఫిల్ము అంచు వెతుక్కున్నాను.

ఫిల్ము కడిగి, హైపోలో ముంచి, అంటే బొమ్మ చెరిగిపోకుండా నిలిపే మందులో ముంచి, ఆరీ ఆరకముందే ప్రింటుకు పెట్టాను. ఎర్రదీపం వెలిగించాను. తెల్ల కాగితం మందు తట్టలో పడింది. ఇద్దరం వంగాం. అప్పుడే ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేల మీద తవ్వే బొగ్గు గనిలో, మధ్యాహ్నపు బ్లాస్టింగ్ అయింది. గది అదిరింది. తట్టలో మందు వణికింది. ఆ వణుకులోంచి ముందు తొట్టెల తాళ్లు వచ్చాయి. తర్వాత ఒక చెయ్యి, అందులో కటింగ్ ప్లేయరు. పిల్ల పడుకోవాల్సిన చోటికి సరిగ్గా చాపి ఉంది. ఆఖరున మీసం, కళ్లు, సమ్మయ్య ముఖం.

అతను ఖాళీ చేత్తో తన మీసం తడుముకున్నాడు.

"నేను తొట్టెల కాడ లేకుంటిని గదా అన్నా."

"లేవు."

"పిల్లకు నేనేం చెయ్యలే."

"చెయ్యలేదు."

కటింగ్ ప్లేయరును బల్ల మీద పెట్టాడు. దాన్ని తర్వాత కూడా తీసుకెళ్లలేదు.

తడి ప్రింటును పళ్లెంలో పెట్టుకుని వెళ్లాం. చేతులు మారింది. గుమ్మం దగ్గర ఒక ముసలాయన దాన్నీ సమ్మయ్యనూ మార్చి మార్చి చూసి, "ఏం సమ్మిగా, ఇగ నీ పండ్లు వీకాల్నా?" అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వులతోనే జనం పలచబడ్డారు. లచ్చవ్వ గోడ పట్టుకుని లేచింది. క్షమించమని ఎవరూ అనలేదు. నేను కూడా.

పిల్లకు నిమ్ము చేసిందన్నారు దవాఖానలో. కొన్నాళ్లుంచి పంపించారు. బతికింది.

నెల తర్వాత లచ్చవ్వ స్టూడియోకు వచ్చింది. ఆ బొమ్మ ఎందులో ఉందో చూపించమంది. నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూపాను. నెగెటివ్‌లో తెలుపు నల్లగా కనిపిస్తుంది.

"నా ఎంటికలు నల్లగున్నయి కొడుకా" అంది.

"అవును అవ్వా."

"నువ్వు అడుగకుండనే తీస్తివి."

కత్తెర తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె కత్తిరించలేదు. "ఇంట్ల వెట్టుకో, ఎవలికీ చూపకు" అంది.

అప్పటి నుంచి అడగకుండా ఎవరి మీదా మీట నొక్కలేదు. ప్రతి కవరూ విప్పి, ప్రతి ప్రింటూ కిటికీ దగ్గర చూసి కానీ ఇవ్వలేదు. డిజిటల్ కెమెరా వచ్చాక రీళ్లు కలిసిపోయే ప్రమాదం పోయింది. ఆ అలవాటు మాత్రం పోలేదు. ఎదుటివాడు కళ్లు తెరవడం లేదని అరిచే ముందు నా చేతిలోంచి ఏం దాటిపోతోందో చూసుకోవాలని ఆ చెయ్యి నేర్పింది.

హేతువు గెలిచిందని మా బృందంలో చాలా రోజులు చెప్పుకున్నారు. ఆ మాట నా నోట రాలేదు. ఒక ప్రింటు రెండు గంటల్లో జనాన్ని ఇళ్లకు పంపింది, నిజమే. కానీ ఆ రోజు కిటికీ దగ్గర తన నల్ల జుట్టు చూసుకుని లచ్చవ్వ నవ్వినప్పుడు, పళ్లు కనపడకుండా గభాలున కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. బతికి ఉన్న ఆరేళ్లూ, ఎదురుగా మనిషి ఉంటే, ఆమె ఆ కొంగు దించలేదు.