బండికి కప్పిన బొంత

మా పాత పెట్రోలు వ్యానులో ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తితే తప్ప కనిపించదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. జరిగిందంతా అక్కడే జరిగింది, మేం మాత్రం చాలాకాలం వేరేచోట వెతికాం.

దసరా వెళ్ళాక మా కోడలు ఆ వ్యానులో టిఫిన్లు తీసుకుపోవడం మొదలుపెట్టింది. మా ఇల్లు అత్వెల్లిలో. శామీర్‌పేట దారిలో ఉన్న ఒక గోదాములో కూలీలు పొద్దున్నే పనికి దిగుతారు. వాళ్ళు దిగేలోపే ఇడ్లీ, ఉప్మా, సాంబారు అక్కడ ఉండాలి. పని గంట కొట్టాక అక్కడ తినేవాళ్ళు ఎవరూ ఉండరు. కొడుక్కి రాత్రి డ్యూటీ కాబట్టి బండి కోడలే నడుపుతుంది. పప్పు కొలత, ఇడ్లీల లెక్క నావి. బండి ఆలనాపాలనా మా ఆయనది.

కార్తీకం దాకా ఏ ఇబ్బందీ లేదు. మార్గశిరం చలి మొదలవగానే బండి మొరాయించింది. సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరిగేది, అంటుకునేది కాదు. కోడలు చోక్ లాగేది, వదిలేది, మళ్ళీ లాగేది. పెట్రోలు వాసన గుప్పుమనేది. వెనకాల సాంబారు గిన్నెలు పొగలు కక్కుతుంటే ముందు ఆమె స్టీరింగుకు తల ఆనించి కూర్చునేది. ఎండ కాస్త పొడిచాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. అప్పటికి గోదాములో గంట కొట్టేసేవారు.

మా ఆయన బర్రెల మధ్య పెరిగిన మనిషి. చుట్టూ తిరిగి చూసి, “బండికి చలి పెడ్తాంది” అని తేల్చేశాడు. పాలిచ్చే బర్రెకు గోనెపట్టా కప్పినట్టు, ఇంట్లో ఉన్న పాత బొంత తెచ్చి వ్యాను ముందు సగమంతా కప్పాడు. కిందినుంచి గాలి తగలకుండా చుట్టూ గోనెసంచులు కట్టాడు. చూడ్డానికి బండి బాలింతలా ఉంది. పక్కింటావిడ వచ్చి, కాన్పు ఎప్పుడైందని అడిగింది.

బొంతతో పని కాకపోవడంతో గండిమైసమ్మ దగ్గరి మెకానిక్‌కి చూపించాం. హుషారైన మనిషి. ఒక్క పూటలో ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, కార్బరేటరు విప్పి కడిగాడు. నాకు ఒళ్ళు మండింది. సాంబారు రుచి తప్పితే చింతపండు, ఉప్పు, మంట మూడూ ఒకేసారి మారుస్తామా? ఒకటి మార్చి చూస్తాం, తర్వాత రెండోది. అదే మాట అతనితో అన్నాను.

“పెద్దమ్మా, బండి నడిస్తే సాలదా? మనమేమన్న పరీచ్చ రాస్తున్నమా?” అన్నాడు.

బండి నడిచింది. నాలుగు రోజులు అతని పేరు మా వాడలో మార్మోగింది. తర్వాతి పొద్దున మళ్ళీ అదే గిరగిర.

నాకు క్యాలెండరు మీద రాసుకునే అలవాటుంది. గ్యాస్ బండ పెట్టిన రోజు, బియ్యం బస్తా విప్పిన రోజు, ఇలాంటివి. ఆ చలికాలం పేపరు చూసి చలి ఎంతుందో కూడా రాశాను. దానివల్ల తెలిసింది ఒక్కటే, చలి ఒక్కదాని తప్పు కాదని. అన్నిటికంటే గట్టి చలి పడ్డ పొద్దున బండి మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. అందరం దుప్పట్లలో ముడుచుకున్న రోజు దానికి లేని చలి, కాస్త వెచ్చగా ఉన్న రోజు ఎందుకు వచ్చింది? మా ఆయన్ని అడిగితే, మనుషులకు లాగే బండికీ లోపలి చలి వేరే ఉంటుందన్నాడు.

ఇంతలో మళ్ళీ ఆలస్యమైంది. గోదాము సూపర్‌వైజరు మంచివాడే. కోప్పడలేదట. కూలీలు ఖాళీ కడుపుతో బస్తాలు మోస్తే తనకు మాట వస్తుందని, ఇంకొక్కసారి ఇలా అయితే మేడ్చల్ హోటలువాళ్ళకు చెప్పేస్తానని అన్నాడట. గిన్నెలు తోముతూ కోడలు ఈ సంగతి చెప్పింది. పెళ్ళికి ముందు గాజులరామారంలో ఒక కుట్టు దుకాణంలో పనిచేసిన పిల్ల. ఏ పనికీ వెనక్కి తగ్గదు.

“కుట్టుపనికి మళ్ళ పోవచ్చు అత్తమ్మా, అదేం పెద్ద ముచ్చట కాదు. గని గిది నేను పెట్టుకున్న పని” అంది. గిన్నె మీంచి చూపు ఎత్తలేదు.

ఆ రాత్రి పడుకున్నాక బండి మొరాయించిన పొద్దుటి పూటలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకు తెచ్చుకున్నాను. ప్రతిదాంట్లో మా ఆయన బండి ముందు నిలబడి ఉన్నాడు. ప్రతిదాంట్లో ఆయన చేతిలో కొబ్బరికాయ ఉంది. కొబ్బరికాయ అంటే శుక్రవారం, బండికి అమ్మవారి పూజ. మిగతా రోజుల్లో ఆయన ఆ వేళకు మంచం దిగడు.

దేవత అలిగిందనుకునే మనిషిని కాను. శుక్రవారం పూజకు ముందు గురువారం సాయంత్రం ఏం జరుగుతుందో చూడాలనుకున్నాను. అయితే శుక్రవారమే చూద్దామని ఆగితే, ఆ పొద్దున బండి మొరాయించిందంటే పని పోతుంది. ఆదివారం గోదాముకు సెలవు. అందుకని శనివారం సాయంత్రం మా ఆయన్ని పిలిచి, గురువారం ఏమేం చేస్తావో అన్నీ చెయ్యి, ఒక్కటీ తగ్గించకు, ఒక్కటీ పెంచకు అన్నాను. తన భక్తిని ఇన్నాళ్ళకు గుర్తించానని ఎంత సంబరపడ్డాడో.

గిన్నెల్లోంచి ఒలికిన సాంబారు వ్యానులో చారలు కట్టి ఉంటుంది. అమ్మవారికి పూజచేసే బండి ఎంగిలిగా ఉండకూడదని ఆయన పట్టుదల. బకెట్లతో నీళ్ళు లోపల గుమ్మరించి, కొబ్బరి చీపురుతో ఊడ్చి, మళ్ళీ గుమ్మరించాడు. సగం నీళ్ళు తలుపులోంచి బయటికి వచ్చాయి. మిగతా సగం సీటు అంచు సందులోంచి కిందికి జారడం నేను నిలబడి చూశాను. ఆ తర్వాత పసుపు, కుంకుమ. ఆ పైన బొంత, గోనెసంచులు.

ఆదివారం తెల్లారగానే కోడలు సెల్ఫ్ కొట్టింది. గిరగిర. నా జీవితంలో ఒక బండి స్టార్ట్ కానందుకు సంతోషించింది ఆ ఒక్కరోజే. సీటు ఎత్తించి చేయి పెట్టాను. ప్లగ్గులకు కరెంటు పంచే నల్లటి మూత ఒకటుంటుంది, టోపీలా. దాని మీద నీటి చుక్కలు. కోడలు క్లిప్పులు తీసి మూత విప్పితే లోపలా చెమ్మే. కరెంటు ప్లగ్గుల దాకా పోకుండా ఆ చెమ్మలోనే కరిగిపోతోంది. ఎండాకాలమైతే రాత్రికి రాత్రే ఆరేది. చలికి ఆరలేదు. గాలి తగిలితే కొంతైనా ఆరేదేమో, బొంత ఆ గాలినీ తగలనివ్వలేదు.

పెనం మీద వేడిచేసిన పొడిగుడ్డతో కోడలు మూత లోపలా బయటా తుడిచి బిగించింది. రెండో సెల్ఫ్‌కు బండి అందుకుంది.

మా ఆయన ఆ చప్పుడు కాసేపు విన్నాడు. “అంటే బండిని ఆపింది నేనా?” అన్నాడు.

“నువ్వొక్కనివే గాదు, నీ బొంత గూడ.”

“మరి శుక్రవారం బండి కడగకుండ పూజ ఎట్ల జేస్త?”

“అమ్మవారికి బండి కనబడితే సాలు. సీటు కింద చూడదు.”

కోడలు ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదలడం మాత్రం కనిపించింది. సాయంత్రం ఆయనే బొంత తీసి మడతపెట్టాడు. దాని మీద పడుకోవడానికి వీల్లేకుండా అంతా పెట్రోలు వాసన.

తర్వాతి గురువారం ఆయన బకెట్ ముట్టలేదు. తడిగుడ్డ గట్టిగా పిండి, మోకాళ్ళ మీద కూర్చుని, సాంబారు చారలు ఒక్కొక్కటే తుడిచాడు. మధ్యలో గుడ్డ నా ముందుకు చాపి, చుక్క కారుతోందేమో చూడమన్నాడు. నేను కూడా పిండి చూశాను. కారలేదు.

ఆ శుక్రవారం పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురింటి గేటు కనిపించలేదు. ఆయన కొబ్బరికాయ కొట్టాడు. కోడలు చోక్ లాగి సెల్ఫ్ కొట్టింది. మొదటిసారికే ఇంజను అందుకుంది. చక్రాల కింద నిమ్మకాయలు చితికిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత వెనక లైటు మంచులో కలిసిపోయింది. మేమిద్దరం అరుగు మీద ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. చాయ్ చల్లారిపోయింది.

ఫోను మోగింది. ఆయనే ఎత్తి స్పీకరు పెట్టాడు.

“చేరినవా బిడ్డా?”

“ఎప్పుడో చేరిన మామా. ఇంక గేటే తీయలేదు. వాచ్‌మన్‌ను లేపుతున్న.”