ఒంటికొమ్ము కొట్టు గోడ

బేరం ఆడటంలో నాకు ఎదురు లేదని మా వీధిలో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లని నేనే ఒప్పిస్తాను. నేను పుట్టి పెరిగింది తాళ్ల కొట్లో. అన్నం తిన్నది తాళ్ల చుట్టల మీద కూర్చుని. ఆటోవాడైనా, బియ్యం కొట్టువాడైనా, పెళ్లికి వంట చేసే మేస్త్రీ అయినా, నా మొహం చూడగానే తను చెప్పబోయే ధరని లోపలే కాస్త దిద్దుకుంటాడు. అలాంటి నేను నలభై ఎనిమిదో ఏట పెన్సిల్ పట్టుకుని ఒక జంతువు ముందు కూర్చున్నాను. అది నాకు అంగుళం కూడా తగ్గలేదు.

ఆ జంతువు ఖడ్గమృగం.

మా కొట్టు చేపల రేవుకి వెళ్లే రోడ్డు మీద ఉండేది. పడవ తాళ్లు, వల తాళ్లు, టార్పాలిన్లు అమ్ముతాం. టార్పాలిన్‌ని మా వైపు బరకం అంటారు. కొట్టు పెట్టినప్పుడు పక్క గోడ మీద ఏదైనా జంతువు బొమ్మ ఉండాలని నాన్న పట్టుబట్టాడట. అప్పటికే ఎదుటి కొట్టువాడు ఏనుగుని తీసుకున్నాడు, మూల మీదివాడు సింహాన్ని తీసుకున్నాడు. ఎవరికీ లేనిది కావాలన్నాడు నాన్న. లారీల మీద బొమ్మలు వేసే పెయింటరు ఒకాయన బడిలో వేలాడే జంతువుల పటం ఒకటి తెచ్చి, అందులోంచి ఖడ్గమృగాన్ని ఎంచాడు. నాకు అక్షరాలు రాకముందే ఆ బొమ్మ గోడెక్కింది.

షట్టరు మీద పేరున్న బోర్డు కూడా ఉండేది. దాన్ని చదివినవాళ్లని నేను చూడలేదు. జాలరిపేట ఆడవాళ్లకి మాది ఒంటికొమ్ము కొట్టు. ఇంట్లోంచి కొత్తవాళ్లని తాడుకి పంపితే, గోడ మీద ఒక్క కొమ్ము ఉన్న జంతువుని చూసి లోపలికి వెళ్లమని చెప్పి పంపేవారు. నలభై ఏళ్లకి పైగా మా వ్యాపారం ఆ కొమ్ము మీద నడిచింది.

రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. కొట్టు పోయింది, గోడా పోయింది. రెండు వీధుల వెనక చోటు దొరికింది. బాగుంది, గాలి వస్తుంది. ఒక్కటే చిక్కు, అదే వరుసలో అప్పటికే మూడు తాళ్ల కొట్లు ఉన్నాయి. వేసవిలో రెండు నెలలు సముద్రంలో చేపల వేట నిషేధం ఉంటుంది. అది ఎత్తేసే ముందు వారమే పడవలవాళ్లంతా తాళ్లూ బరకాలూ కొనేది. ఆ వారానికి నా గోడ మీద ఒంటికొమ్ము లేకపోతే, నాన్న కూడబెట్టిన ఖాతాదారులు పక్క కొట్లలోకి నడిచి వెళ్తుంటే నేను కుర్చీలో కూర్చుని చూడాలి. నాకు ఉన్నది నెల రోజులు.

పాత బొమ్మ ఫోటో కోసం ఇల్లంతా వెతికాను. ఉన్నాయి, నాలుగు. నాలుగింట్లోనూ నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని సరిగ్గా బొమ్మ మధ్యలో నిలబడ్డాడు. ఒకవైపు కొమ్ము, ఇంకోవైపు తోక. మధ్యలో ఉన్న జంతువంతా మా నాన్నే.

అందుకని ఫ్లెక్సీ చేయించాను. రంగులు మెరిసిపోతున్నాయి, గడ్డి కూడా నిజం గడ్డిలా ఉంది. విప్పి కొత్త కొట్టు గోడకి ఆనించేసరికి మా పాత ఖాతా మామ్మ వచ్చింది. జాలరిపేట మనిషి, చేపలు అమ్ముతుంది, ఇద్దరు కొడుకుల పడవకి తాళ్లన్నీ ఆమే కొంటుంది. నా జీవితంలో బేరంలో నన్ను ఓడించింది ఈమె ఒక్కతే.

"ఓలమ్మో! ఇదేటి సావుకారమ్మా? రెండో కొమ్ము ఎప్పుడు మొలిసింది?"

అప్పుడు చూశాను. నిజమే, రెండు కొమ్ములు. ఫ్లెక్సీవాడు ఎక్కడో ఆఫ్రికా జంతువుని దింపాడు.

"ఇది వేరే దేశం జంతువు మామ్మా. ఒకటి కొంటే ఒకటి ఊరికే వచ్చినట్టు అనుకో."

"మన కొట్టుకి కొమ్ము ఒకటే. రేపు కొట్టు తెరిసినాక మా కొత్త కోడల్ని తాడుకి పంపుతాను. దానికి నీ పేరు తెల్దు, మొహం తెల్దు. ఒంటికొమ్ము అని సెప్తాను. ఈ బొమ్మ సూసి, ఇది కాదనుకుని పక్కోడి కొట్లోకి ఎల్లిపోద్ది. తరవాత నన్ననకు."

ఆమె 'మన కొట్టు' అన్నది. ఆ మాటకి ఫ్లెక్సీ చుట్టి వెనక్కి పంపేశాను.

మర్నాడు కూర్మన్నపాలెం వెళ్లాను. పాత గోడ మీద ఆ బొమ్మ వేసిన పెయింటరు బాబాయ్ ఇప్పుడు అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, పని చెప్పగానే టీ గ్లాసు ఎత్తి చూపించాడు. గ్లాసులో టీ అంచు దాకా ఊగుతోంది.

"ఓలే గుంటా, సూడు నా సెయ్యి. టీ తాగడానికే రెండు సేతులు కావాలి."

"పోనీ చుట్టూ గీత ఒక్కటీ గియ్యి బాబాయ్. రంగు నాను నింపుకుంటాను."

"అవదు."

"పోనీ కొమ్ము ఒక్కటీ."

"ఏటే, సేపల బేరమేటి, తలకాయ ఒక రేటు, తోక ఒక రేటూనా? నువ్వే గియ్యి. నాను సెప్తాను."

"తిన్నగా గీత కొట్టడమే రాదు, ఖడ్గమృగం నానేటి గీత్తాను?"

"రాకపోతే మరీ మంచిది. తప్పుగా నేర్సుకున్నది మరిపించే పని ఉండదు."

ఫీజు ఎంత అని అడిగాను. అలవాటు. తను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి, ఎదురు బేరం ఆడకూడదు, అదే ఫీజు అన్నాడు. నేను బతుకులో ఒప్పుకున్న ఒప్పందాలన్నిటికన్నా ఖరీదైనది అది.

కొట్టు మూసి సరుకు గోడౌన్లో పెట్టాం కాబట్టి నాకు పని లేదు. రోజూ బొమ్మ గీయడం, రెండ్రోజులకోసారి కూర్మన్నపాలెం బస్సెక్కడం. మొదటి బొమ్మ చూసి బాబాయ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎనకసగం ఏదే?"

వెనకసగం కాగితంలో పట్టలేదు. తల అంత పెద్దగా వేశాను. ఎందుకంటే, ధర చెప్పేటప్పుడు ఎక్కువ చెప్పి తరవాత తగ్గిస్తాం కదా, చేతికి అదే వచ్చింది. తల పెద్దగా చెప్పాను, తరవాత తగ్గిద్దామనుకున్నాను. జంతువు మొదటి మాటకే ఒప్పేసుకుంది, కాగితం అయిపోయింది.

రెండోసారి చిన్నగా మొదలుపెట్టాను. అంతా పట్టింది. నాలుగు కాళ్లూ వరసగా, రెండు కళ్లూ, రెండు చెవులూ, తోక విడిగా పక్కకి చాచి. నాకు ముచ్చటేసింది. బాబాయ్ కాగితం అందుకున్నాడు.

"గుంటా, ఇది జంతువా, కొట్టు ముందు తగిలించిన సరుకా?"

"అదేటి?"

"పక్కకి తిరిగి నిలబడ్డాదంటావు, రెండు కళ్లూ ఎలా కనబడతన్నాయి? అటేపు కాళ్లు ఇటేపు కాళ్ల పక్కకి ఎందుకొచ్చినాయి? కొన్ని దాసుకోవాలే."

అక్కడ నాకు గట్టిగా అడ్డం తగిలింది. దాచడం మా ఇంటా వంటా లేదు. కొట్టు తెరవగానే నాన్న చేసే మొదటి పని, ఉన్న సరుకంతా బయటికి కనబడేలా తగిలించడం. ప్రతి రకం తాడు నుంచి ఒక ముక్క, ప్రతి బరకం నుంచి ఒక అంచు. కనబడని సరుకు లేనట్టే లెక్క. నాలుగు కాళ్ల జంతువుకి నాలుగూ చూపించకపోతే ఎవరు నమ్ముతారు? ఈ మాట పైకి అనబోయి, ఫీజు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆయన నవ్వాడు. నేను నోరు మూసుకోవడం చూడటానికి ఆయన కూతురు వంటింట్లోంచి వచ్చింది.

"జూకి ఎల్లు," అన్నాడు. "పటంలోది సూడకు. నిలబడ్డదాన్ని సూడు."

వెళ్లాను. ఎండ దంచేస్తోంది. ఖడ్గమృగం బురదలో, నా వైపు వీపు తిప్పి నిలబడింది. గంట గడిచింది. మొండి ఖాతాదారు వచ్చి, కొననూ కొనక, పోనూ పోక నిలబడితే మనం కూడా ఏదో పని ఉన్నట్టు తాడు చుట్టుకుంటూ కూర్చుంటాం చూడండి, అలా కూర్చున్నాను. నా కంటే అది మొండిది. ఎందరో గొప్ప బేరగాళ్లని చూశాను కానీ, నన్ను అసలు ఉన్నట్టే గుర్తించకుండా బేరం ఆడినది అదొక్కటే. చివరికి తిరిగింది. తిరగడమంటే మనలా తిరగడం కాదు, లారీ సందులో వెనక్కి తీసుకున్నట్టు, కొంచెం కొంచెంగా.

పక్కకి తిరిగి నిలబడ్డాక చూశాను. కన్ను నేను పెట్టిన చోట లేదు. బాగా కిందికి, మూతి దగ్గరికి ఉంది, నా బొటనవేలి గోరంత. పొట్ట దాదాపు మోకాళ్ల దాకా వేలాడుతోంది. అవతలి ముందుకాలు సగమే కనబడింది, ఆ సగం కూడా నీడలో. అయినా అది మూడు కాళ్ల మీద నిలబడిందని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. లోపల ఉన్నదంతా బయట తగిలించక్కర్లేదని ఆ జంతువుని చూశాకే నేర్చుకున్నాను.

ఆ తోలు మాత్రం నాకు ముందే తెలుసు. ఎక్కడ చూశానా అని అరగంట ఆలోచించాను. భుజం వెనక ఒక మడత, తుంటి ముందు ఒక మడత, మధ్యలో ఉబ్బు. బరకం! బస్తాల గుట్ట మీద పాత బరకం కప్పి, రెండు చోట్ల తాడుతో బిగిస్తే అచ్చం అలాగే ఉంటుంది. తాడు పడ్డ చోట లోపలికి పోతుంది, మిగతా చోట ఉబ్బుతుంది, కింద అంచు కొంచెం వేలాడుతుంది. అలాంటివి నా చేత్తో ఎన్ని కట్టానో.

అక్కడే కూర్చుని మొదట గుట్ట గీశాను. దాని మీద బరకం వేశాను. రెండు తాళ్లు బిగించాను. కింద కాళ్లు పెట్టాను, ఒకటి సగం దాచి. తల తగిలించాను. కన్ను నేను పెట్టాలనుకున్న చోట కాకుండా, అది చూపించిన చోట పెట్టాను.

ఆ కాగితం చేతికిచ్చాక బాబాయ్ కూతురిని పిలిచి నాకు టీ పెట్టమన్నాడు. అప్పటిదాకా మంచినీళ్లే ఇచ్చేవారు. బొమ్మ నచ్చిందని అర్థమైంది.

"సెవి పెద్దదైపోనాది," అన్నాడు టీ వచ్చాక. "అయినా ఫర్లేదు. గోడ మీద ఎయ్యి."

గోడ ముందు ఆయనకి స్టూలు వేశాను. కాగితం మీద గళ్లు గీసుకుని, గోడ మీద సుద్దపొడి పట్టించిన తాడు లాగి వదిలి పెద్ద గళ్లు కొట్టాను. తాడు పని కాబట్టి అక్కడ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గడి తరవాత గడి నింపుతూ వచ్చాను. పక్క కొట్టాయన రోజుకి రెండుసార్లు వచ్చి చూసి పోయేవాడు.

"ఏటప్పా, పందా?"

"నీ కొట్టు గోడ మీద గీసినప్పుడు పంది గీత్తాను బావా. దీనికి ఇంకా కొమ్ము ఎయ్యలేదు."

కొమ్ము ఆఖరున వేశాను. బ్రష్షు పెట్టాక తగ్గించడం ఉండదు, పెన్సిల్ కాదు. ఊపిరి బిగబట్టి ఒక్క గీతలో లాగాను. ఒక్కటే కొమ్ము, కొంచెం వెనక్కి వంగి. వెనక నుంచి బాబాయ్ "ఊ" అన్నాడు. ఆ ఊ కోసం నేను నెల రోజులు బేరం ఆడకుండా ఉన్నాను.

కొట్టు తెరిచిన రోజు పొద్దున్నే ఒక కొత్త కోడలు మా వీధి చివర కనబడింది. చేతిలో ఖాళీ సంచి, చెవి దగ్గర ఫోను. మా పక్క కొట్టు ముందు ఆగింది. పక్క కొట్టాయన బయటికి వచ్చేశాడు. "రామ్మా, తాడా? లోపలికి రా," అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేస్తే చవకబారుగా ఉంటుందని కాదు, ఆ పిల్లని పిలవాల్సింది గోడే. ఆ పిల్ల అతన్ని దాటి గోడలు చూసుకుంటూ వచ్చి, నా గోడ ముందు నిలబడింది.

"అత్తా, కొమ్ము ఒకటే ఉన్నాది," అంది ఫోన్లో. తరవాత వేలుతో లెక్కపెట్టింది. "కానీ కాళ్లు మూడున్నరే ఉన్నాయి."

ఫోనులోంచి మామ్మ గొంతు వీధంతా వినబడింది. "మూడున్నరా? అయితే మూడున్నర కాళ్లకి తగ్గ ధరే ఇత్తానని సెప్పు!"

"మామ్మా, నాలుగో కాలు ఉన్నాది, అటేపు ఉన్నాది. కనబడదంతే," అని అరిచాను. ఆ పిల్ల ఫోన్లో ఇంకేదో మెల్లగా చెప్పింది.

"అయితే తాడు కూడా అటేపు ఇంకో బార ఉన్నాదనుకుని ఇయ్యి! సెవి కూడా పెద్దదైపోనాదని అంటంది మా కోడలు."

స్టూలు మీద బాబాయ్ రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టాడు. చెవి నిజంగానే పెద్దది.

తాడు బారల్లో కొలుస్తాం, రెండు చేతులూ చాచినంత ఒక బార. ఆ రోజు ఆ పిల్లకి అడిగిన బారలు కొలిచి, పైన ఇంకొకటి వేశాను. చేతులు చివరిదాకా, భుజాలు నొప్పి పుట్టేలా చాచాను. రోజూ అలాగే కొలుస్తావా అని పక్క కొట్టాయన అడిగితే, చెవి సరిగ్గా గీయడం వచ్చేదాకా అని చెప్పాను.