బెంచీ మీద కొరియా కుర్రాడు

బాపట్లలో మా అమ్మ చర్చి మానేసి ఎరగదు, నేను ఫుట్‌బాల్ మ్యాచ్ మానేసి ఎరగను. జర్మనీ క్లబ్బులో కొత్తగా చేరిన ఓ కొరియా కుర్రాడంటే నాకు పిచ్చి. వాడినేమో ఆడించకుండా బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఇంట్లో ఆ కోచ్‌ను నేను తిట్టే తిట్లు భరించలేక, అమ్మ ఆదివారం చర్చిలో లేచి, "పరాయి దేశంలో పిల్లోణ్ణి ఊరికే కూర్చోబెడుతున్నారండి" అని ప్రార్థన మనవి ఇచ్చింది. పాస్టరుగారు గట్టిగానే ప్రార్థించారు.

ఆ వారమే ఆ జట్టులో ఇంకొకడి కాలు విరిగింది. వాడి బదులు మావాడు దిగి గోల్ కొట్టాడు. నేను గంతులేస్తుంటే, అమ్మ టీవీలో స్ట్రెచర్ చూసి ఏడ్చింది. ఆపై ఆదివారం ఆ విరిగిన కాలి కోసం మనవి ఇచ్చింది. అది డాక్టర్లు చెప్పిన గడువు కన్నా ముందే అతుక్కుంది. మావాడు మళ్లీ బెంచీకి చేరాడు.

ఇంకొక్క మనవి ఇవ్వమని అమ్మను బతిమాలాను.

"ఈసారి ఎవరి కాలురా?" అంది.