లక్క ముద్ర ఊడకుండా

మా బావకి నోరు పెద్దది, ఓపిక చిన్నది. ఆ రెండు గుణాలూ నాకూ ఉన్నాయి కాబట్టి మా ఇద్దరికీ ఎప్పుడూ ఉప్పూ నిప్పే. అక్కతో పెళ్ళయ్యాక కూడా ఆయన ఖరగ్‌పూర్‌లో ఒక రేడియో షాపులో పనిచేస్తూ, ఏడాదికోసారి వచ్చిపోయేవాడు. అరవైల చివర్లో, అక్క పోరగా పోరగా, ఆ పని మాని వచ్చి శృంగవరపుకోటలో మా ఇంటి అరుగు మీదే రేడియో రిపేర్లు మొదలుపెట్టాడు. పాత యజమాని మాత్రం దీపావళి దాకా ఆయన చోటు ఖాళీగా ఉంచుతానన్నాడట. దీపావళి ఎప్పుడు దాటిపోతుందా అని అక్క ఎదురు చూసేది.

ఆ అరుగు మీది షాపుకి ప్రాణమల్లా ఒక మీటరు. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా, దాని ముఖాన అద్దం, అద్దం వెనక సన్నటి ముల్లు. కిందనున్న రెండు చిల్లుల్లో తీగలు గుచ్చి, వాటి కొసలు రేడియో లోపల ఆనిస్తే కరెంటు ఎక్కడ ఆగిపోయిందో ముల్లు చెప్పేది. మద్రాసు నుంచి తెప్పించినది, ఏడాది గ్యారంటీ ఉంది. వెనకవైపు మర మీద ఎర్రటి లక్క ముద్ర వేసి ఉండేది. అది ఊడితే గ్యారంటీ పోయినట్టే.

దసరా మర్నాడు ముల్లు కదలడం మానేసింది. బావ బ్యాటరీ మార్చాడు. దాని మూత వేరు, ముద్రతో పని లేదు. తీగలు మార్చాడు. తట్టాడు, తిట్టాడు. ముల్లు ఉలకలేదు, పలకలేదు.

"లోపల కాయిల్ కాలిపోనాది. మద్రాసు పంపితే ఎప్పటికొస్తాదో! అన్నాళ్ళూ ఈ రేడియోలెట్టుకుని ఏటి సేసేది? ఇప్పేస్తాను."

"ఇప్పీసి బాగుసేయలేకపోతే? మీటరూ పోద్ది, గ్యారంటీ పోద్ది. రెంటికీ సెడ్డ రేవడివైపోతావు బావా."

"మరదలు ఇంజనీరమ్మ సెప్పింది, ఇనాలి మరి!" అని వెక్కిరించి, స్టవ్వు వెలిగించి బ్లేడు కాచడం మొదలుపెట్టాడు. లక్కని పగలకుండా పెచ్చులా లేపి, పని అయ్యాక మళ్ళీ అతికించాలని ఆయన ఎత్తు.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. "అది బాగవ్వకపోతే మళ్ళీ ఖరగ్‌పూర్ ఎల్లిపోతారేటి?"

బావ బ్లేడుని మంట మీద ఇంకో వైపు తిప్పాడు. నా కోపం ఎటు పోయిందో గాని, అక్క ముఖం చూస్తే భయం వేసింది.

ఇంతలో అమ్మ పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. "పూజలో ఏదో లోటు జరిగుంటాది బాబూ. మళ్ళీ బొట్టు పెడతాను, అప్పుడు ఇప్పు."

దసరాకి మా ఇంట్లో నాగలి నుంచి కత్తిపీట దాకా అన్నిటికీ బొట్టు పెట్టేవాళ్ళం. ఏ పనిముట్టు మీద మన చెయ్యి ముందు ఎక్కడ పడుతుందో అక్కడే బొట్టు పెట్టాలని అమ్మ లెక్క. బావ చెయ్యి ముందు పడేది ఆ రెండు చిల్లుల దగ్గరే కదా! అమ్మ తడిపసుపులో వేలు ముంచి, శ్రద్ధగా, నొక్కి మరీ మొదటి చిల్లు మీద పెట్టబోయింది.

"ఆగమ్మా!" అని నేను అరిచిన అరుపుకి బావ చేతిలో బ్లేడు కింద పడింది.

చీపురుపుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి చిల్లులో తిప్పాను. దసరా నాడు లోపలికి దిగి, తీగకి అడ్డంగా గట్టిపడిన పసుపూ కుంకుమా పొడిపొడిగా రాలాయి. రెండో చిల్లు బావే నా చేతిలోంచి పుల్ల లాక్కుని శుభ్రం చేశాడు. తీగలు గుచ్చి, కొసలు రెండూ కలిపాడు. ముల్లు ఒక్క ఊపున అవతలి చివరికి వెళ్ళి నిలబడింది. లక్క ముద్ర చెక్కు చెదరలేదు.

"నా సేతులిరిగిపోనూ" అని అమ్మ తల బాదుకోబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. "పోన్లే అత్తా. వచ్చే దసరాకీ నువ్వే పెట్టు. ఇదిగో, ఈ మూల పెట్టు" అని డబ్బా అంచు చూపించాడు.

"వచ్చే దసరాకి ఇక్కడే ఉంటారా?" అంది అక్క.

"మరెక్కడికెల్తానే?"

అక్క గుమ్మంలోనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన ఖరగ్‌పూర్ రైలెక్కిన ఏ రోజూ మా ముందు కంటతడి పెట్టని మనిషి.